అత్తమ్మ చూసిన కణాలు

సిద్దిపేట
18 జూన్ 2024

బిడ్డా శ్రీవాణీ,

నీ మేనమామ ప్రభాకర్ రాస్తున్నాడు. ఉత్తరం చూసి బెదిరిపోకు. ఈ కాలంలో ఉత్తరమేమిటని నీ హాస్టల్ పిల్లలు నవ్వితే నవ్వనీ. ఫోన్ చేద్దామంటే మీ అత్తమ్మ పక్కనే ఉంటుంది. నారాయణరావుపేటలో మా ఇల్లు నీకు తెలిసిందే, ఒక గదిలో గుసగుసలాడినా రెండో గదిలో వినబడుతుంది. మెసేజ్ పెడదామంటే సాయంత్రమైతే ఫోన్ ఆమె చేతికే పోతుంది, పక్కింటి పిల్లతో అన్నీ చదివించుకుంటుంది. అందుకే సిద్దిపేట దుకాణంలో, కాలిపోయిన బోరు మోటార్ల నడుమ కూర్చుని రాస్తున్నాను. నువ్వు కూడా దుకాణం చిరునామాకే రాయి.

అత్తమ్మకు రొమ్ములో గడ్డ ఉందని మా అక్క, అదే మీ అవ్వ, చెప్పే ఉంటుంది. క్యాన్సరేనని తేలింది. ఆమెకు దాచలేదు. ముందు మందు ఎక్కించి గడ్డను చిన్నగా చేసి, ఆ తర్వాత ఆపరేషన్ చేస్తామన్నారు. హైదరాబాద్ పెద్ద దవాఖానలో మొదటి మందు ఎక్కించుకుని వచ్చాం. నీకు పరీక్షలని, అటు వచ్చి కూడా నీకు చెప్పలేదు, కోపం చేసుకోకు. బస్సులో వస్తుంటే కళ్లు మూసుకునే అడిగింది. “వానలు వడ్డయి. నార్లు పోసిన్రంటనా?” ఊళ్లో నాట్లు వేసే ఆడవాళ్ల గుంపుకు ఇన్నేళ్లూ ఆమే పెద్ద. ఈసారి తను లేకుండా గుంపు ఎట్లా కదులుతుందనేదే ఆమె దిగులు.

ఆమె భయపడటం లేదు వాణీ. నేనే భయపడుతున్నాను. ఆ సంగతి ఆమె చెవిన పడకూడదు.

నువ్వు క్యాన్సర్ మీదనే పరిశోధన చేస్తున్నావని దుకాణానికొచ్చిన ప్రతి రైతుకూ చెప్పుకుంటాను గానీ, అదేమిటో ఒక్కనాడూ నిన్ను అడగలేదు. డాక్టర్ సాబ్ “పాకిందో లేదో చూడాలె” అన్నాడు. అది ఎట్లా పాకుతుంది? కాళ్లున్నాయా దానికి? నాకు అర్థమయ్యేటట్టు రాయి.

నీ మామ
ప్రభాకర్

*

హైదరాబాద్
27 జూన్ 2024

మామా,

నీ ఉత్తరం మెట్ల మీద కూర్చునే చదివేశాను. భయపడుతున్నానని నువ్వు రాసిన మాట మళ్లీ మళ్లీ చదివాను. నాకు రాయి మామా, ఎంతైనా రాయి.

నువ్వడిగిన ప్రశ్నే నా పరిశోధన. దానికి కాళ్లున్నాయా అని ఇంత సూటిగా ఎవరూ అడగలేదు.

మన ఒంట్లో కణాలు ఊరికే పక్కపక్కన పడి ఉండవు. ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. తాము కూర్చున్న జాగను కూడా పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు ప్రోటీన్లది. కణం ఒంటి మీద చేతులలాగా బయటికి చాచుకుని ఉండే ప్రోటీన్లు కొన్ని ఉన్నాయి. క్యాన్సర్ కణాల్లో ఆ పట్టు లెక్క తప్పుతుంది. కొన్ని పక్కదాన్ని వదిలేస్తాయి. వదిలినది ముందువైపు కొంచెం సాగి అక్కడ పట్టుకుంటుంది, వెనకవైపు విడుస్తుంది, ఒళ్లు లాక్కుంటుంది. అట్లా జరుగుతూ పోయి రక్తంలోకో, చంకలో ఉండే గ్రంథుల్లోకో చేరుతుంది. డాక్టర్ పాకడమన్నది దాన్నే.

మా ల్యాబులో పళ్లేల్లాంటి చిన్న డబ్బాల అడుగున ఈ కణాలను పెంచుతాం. అవి నిండుగా అలుముకున్నాక సన్నని మొనతో మధ్యలో ఒక గీత గీస్తాం. గీత మేర ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలోకి కణాలు ఎట్లా నడిచి వస్తాయో మైక్రోస్కోపు కింద కెమెరా పెట్టి చూస్తాం. నేను పట్టుకున్నది ఒకే ఒక ప్రోటీన్. అది ఎక్కువైతే కణం తొందరగా కదులుతుందని మా అనుమానం. ప్రోటీన్ తగ్గిస్తే కదలిక తగ్గుతుందా అన్నది తేల్చాలి. రెండేళ్లుగా అదే పని.

అత్తమ్మ మందు ఎట్లా తట్టుకుంటున్నది? నోరు పుండు పడిందా? ఏం తింటున్నది? నాకు పది రోజుల్లో పుణెలో శిక్షణ ఉంది, అక్కడి నుంచి రాగానే వస్తాను.

శ్రీవాణి

*

సిద్దిపేట
12 జూలై 2024

మా ఇంటి సైంటిస్టుకు,

నీ ఉత్తరం చదివి, మళ్లీ చదివి, మోటారు కోసం వచ్చిన చింతమడక రైతుకు కూడా చదివి వినిపించాను. ఆయన “నీ కోడలు పిల్ల గింత రాస్తదా!” అని నోరు తెరిచాడు. మా అక్క పోచవ్వ ఇతరుల పొలాల్లో కలుపు తీసి నిన్ను చదివించింది. అదే కడుపున పుట్టిన పిల్ల క్యాన్సర్ నడకను కెమెరాలో పట్టుకుంటున్నదంటే నాకు ఆనందం పట్టడం లేదు.

అత్తమ్మకు జుట్టు రాలడం మొదలైంది. దిండు మీద కుచ్చులు చూసి నేను మొహం తిప్పుకుంటే, ఆమె మంగలిని పిలిపించి గుండు గీయించుకుంది. మొన్న నాట్లు మొదలైతే ఆటో కట్టించుకుని పొలం దాకా పోయింది. ఒడ్డు మీద ఆటోలోనే కూర్చుని, “ఓ కొండవ్వా, గా మూలకు పలచగ వడ్డది, సూడు!” అని కేకలు పెట్టిందట. కొండవ్వ అంటే గుంపులో ఆమె కుడిభుజం లాంటి మనిషి. ఆటో డ్రైవర్ వచ్చి నాకు చెప్పి నవ్వాడు.

ఇక అసలు సంగతి. నువ్వు రాసిన మాట నేను ఆ రోజే అమలులో పెట్టాను. ప్రోటీన్ ఎక్కువైతే కణం తొందరగా కదులుతుందని రాశావు కదా. పక్కింటి పిల్ల సైన్సు పుస్తకంలో చూశాను. పప్పులు, గుడ్లు, పాలు, మాంసం, అన్నీ ప్రోటీన్లేనట! దవాఖానలో గుడ్డు పెట్టుమని చెప్పారు గానీ, వాళ్లకు నీ కొత్త పరిశోధన ఇంకా తెలిసి ఉండదు. ఇంట్లో పప్పు బంద్ పెట్టాను, గుడ్డు బంద్, పాలు బంద్. పచ్చిపులుసు, అంబలి, జొన్న గట్క, ఇవే పెడుతున్నాను. అడిగితే వేడి చేస్తుందని చెప్పాను. నీ మాట మీద నడుస్తున్నాం బిడ్డా, నువ్వు నిశ్చింతగా చదువుకో.

నీ మామ
ప్రభాకర్

*

హైదరాబాద్
2 ఆగస్టు 2024

మామా,

నిన్న ఫోన్‌లో అరిచినందుకు మన్నించు. పుణె నుంచి వచ్చి బ్యాగు దించకముందే నీ ఉత్తరం చదివాను. అత్తమ్మ పక్కనుందని తెలిసి కూడా ఆగలేకపోయాను. అప్పటికే కాళ్లు వాచాయనీ, రక్తం తగ్గిందనీ, ఈసారి మందు ఎక్కించకుండా తిప్పి పంపారనీ నువ్వు చెబుతుంటే ఇంకా గట్టిగా అరిచాను.

ఫోన్‌లో చెప్పిందే మళ్లీ రాస్తున్నాను, కాగితం మీద ఉండాలి. నేను చెప్పిన ప్రోటీన్ కణం తనకు తానుగా, లోపల తయారు చేసుకునేది. మన ఒంట్లో అట్లాంటివి వేల రకాలు ఉన్నాయి. తినే పప్పు నేరుగా పోయి ఆ ప్రోటీన్ కాదు. పేరు ఒకటే, సంగతి వేరు. మందు మంచి కణాలను కూడా కొడుతుంది, అవి మళ్లీ లేచి నిలబడాలంటే అత్తమ్మకు గుడ్డు, పప్పు, పాలు కావాలి. తిండి విషయంలో దవాఖానలో చెప్పిందే నా మాట అనుకో. నా ఉత్తరంలో ఏదైనా మాట దానికి అడ్డం వచ్చినట్టు కనబడితే నా ఉత్తరాన్నే పక్కన పెట్టు.

తప్పు నీది కాదు. నేను “ప్రోటీన్” అని రాసి వదిలేశాను. నాకు అది ఒకటే అర్థం, వినేవాళ్లకు ఇంకోటి ఉంటుందని ఆలోచించలేదు.

ఈ రోజు ఏం తిన్నదో రాయి.

శ్రీవాణి

*

సిద్దిపేట
14 ఆగస్టు 2024

బిడ్డా,

ఈ రోజు రెండు గుడ్లు, ముద్దపప్పు, గ్లాసు పాలు. కాళ్ల వాపు దిగింది. మొన్న మందు ఎక్కించారు. ముందు ఇది చదివి ఊపిరి తీసుకో.

నీ ఫోన్ పెట్టేశాక నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను. అత్తమ్మ లేచి వచ్చి ఎదురుగా కూర్చుంది.

“గందుకేనా నెల దినాలసంది నాకు పచ్చిపులుసు పోస్తున్నవ్?”

తలూపాను.

“మొగుడు మందు వెట్టి సంపుతడంటే ఇన్న. పచ్చిపులుసు వోసి సంపుతడని ఎన్నడు ఇనలే” అని నవ్వింది. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. పెళ్లైనప్పటి నుంచి ఆమె ముందు ఏడ్చింది అదే మొదలు. ఆమె తన కొంగుతో నా మొహం తుడిచి, “నువ్వు గింత భయపడ్డవని నాకెందుకు చెప్పలే? నేనేమన్న చిన్నపిల్లనా?” అన్నది. ఆ తర్వాత దుకాణంలో దాచిన ఉత్తరాలు తెచ్చి చదవమన్నది. చదివాను. కణం ముందుకు సాగి పట్టుకుని వెనక విడుస్తుందన్న దగ్గర ఆపించి, మళ్లీ చదివించుకుంది.

ఇక ఫోన్ చేయొచ్చు కదా అంటే వద్దంటున్నది. “ఫోన్ల ముచ్చట గాలికి వోతది. ఉత్తరమైతే ఇంకోపారి సదివిపిచ్చుకోవచ్చు” అని ఆమె తీర్పు. కాబట్టి ఇక ఇంటికే రాయి.

వాణీ, పొరపాటు నాదే. నువ్వు రాసినది నేను దేవుడి మాటలాగా పట్టుకున్నాను, అడిగి తెలుసుకోలేదు. అయినా ఒక మాట చెప్పాలి. పుణె నుంచి వచ్చి నీళ్లన్నా తాగకుండా నువ్వు ఫోన్ చేయకపోతే ఇంకో నెల నేను అదే పోసి ఉండేవాణ్ణి.

మీ మామ, పక్కన మీ అత్తమ్మ

*

హైదరాబాద్
21 సెప్టెంబర్ 2024

అత్తమ్మకూ మామకూ,

మొన్న వచ్చినప్పుడు అత్తమ్మ నా కోసం సర్వపిండి గిన్నెకు అద్దుతుంటే వద్దన్నా వినలేదు. ఆ రుచి ఇంకా నోట్లోనే ఉంది. మొహం కొంచెం తేటపడింది అత్తమ్మా. ఆ రోజు మీకు చెప్పలేకపోయిన ముచ్చట ఒకటి రాస్తాను.

నా పరిశోధన తలకిందులైంది. నేను వెంటబడ్డ ఆ ప్రోటీన్‌ను కణాల్లో తగ్గించి, గీత గీసి, కెమెరా పెట్టాను. కదలిక తగ్గుతుందనుకున్నాను. పెరిగింది! ఇంతకుముందు గుంపుగా, ఒకదాన్నొకటి పట్టుకుని మెల్లగా జరిగిన కణాలు ఈసారి ఒక్కొక్కటిగా విడిపోయి, ఎటు పడితే అటు పరుగు తీశాయి. నేనెక్కడో తప్పు చేశాననుకుని కొత్త కణాలతో మళ్లీ చేశాను. మళ్లీ అదే. అంటే, నేను దొంగ అనుకున్నది ఈ కణాల్లో కాపలాదారు. పక్కదాన్ని విడవకుండా పట్టి ఉంచుతున్నది అదే.

రెండేళ్ల అనుమానం ఒక్క వారంలో పోతే ఎట్లా ఉంటుందో చెప్పలేను. మా గైడ్ అనసూర్య మేడం దగ్గరికి పోయి ఏడుపు ముఖంతో నిలబడ్డాను. ఆమె వీడియో మొత్తం చూసి, కుర్చీలోంచి లేచి నా భుజం తట్టింది. “నువ్వు అనుకున్నదే కనబడి ఉంటే నాకింత నమ్మకం కలిగేది కాదు” అన్నది. తన మాట కూడా తప్పైందని ఆమెకు చిన్నతనం అనిపించలేదు. ఆ రోజు సాయంత్రం తనే నా పక్కన కూర్చుని కొత్త ప్రయోగాలన్నీ రాయించింది. అట్లాంటి మనిషి కింద పనిచేస్తున్నందుకు గర్వంగా ఉంది.

మందులు అన్నీ అయిపోవచ్చాయి కదా. డాక్టర్ ఆపరేషన్ ఎప్పుడన్నారు?

శ్రీవాణి

*

నారాయణరావుపేట
12 అక్టోబర్ 2024

బిడ్డా,

కొత్త సంగతి కనిపెట్టావని విన్నప్పటి నుంచి నా కాళ్లు భూమ్మీద లేవు. ఆ ప్రోటీన్ కాపలాదారు అన్నావు కదా. ఈసారి తిండి ప్రోటీన్ వేరని నాకు తెలుసు, అయినా మనసు ఊరుకోక రోజూ బొక్కల సూపు, గుడ్లు, చేపలు పెట్టాను. చివరికి అత్తమ్మ పళ్లెం జరిపి “నన్నేమన్న పందెం కోడి లెక్క మేపుతున్నవా?” అన్నది. మానేశాను.

బతుకమ్మకు అత్తమ్మ తలకు గుడ్డ కట్టుకోకుండానే పోయి ఆడింది. కొండవ్వ తన జడలోని బంతిపూలు తీసి అత్తమ్మ చెవి వెనక పెట్టింది.

ఆపరేషన్ నవంబర్‌లో అన్నారు. రొమ్ము మొత్తం తీసేయాలట. అత్తమ్మ ఆ రాత్రి బువ్వ తినలేదు. అందుకే నేను ఆలోచించి ఒక పని చేశాను. డాక్టర్ సాబ్‌కు ఫోన్ చేయించి, సంక్రాంతి దాటనివ్వండి, అప్పుడు వస్తామని చెప్పాను. ఎందుకంటే, కణాలను విడవకుండా పట్టి ఉంచేది ఏదో నీకు దొరికింది. ఇక దాన్ని మందుగా చేయడమే కదా మిగిలింది? రెండు మూడు నెలలు సరిపోతాయా? నీ చేతి మందు పడితే కోత లేకుండానే పోతుందని నా నమ్మకం. అత్తమ్మకు ఇంకా చెప్పలేదు. నీ జవాబు రాగానే చెబుతాను.

మీ మామ

*

హైదరాబాద్
17 అక్టోబర్ 2024

మామా,

ఉత్తరం అందగానే రాస్తున్నాను, ఫోన్ కూడా చేస్తాను. నా దగ్గర మందు లేదు. రెండు మూడు నెలల్లో కాదు, పదేళ్లలో కూడా వస్తుందని చెప్పలేను. ఆపరేషన్ ఒక్క వారం కూడా జరపొద్దు. మందుతో గడ్డ చిన్నగైన ఈ సమయం పోగొట్టుకోవద్దు. రేపే దవాఖానకు పోయి పాత తేదీనే అడుగు.

నా మీద నీకున్న నమ్మకం నాకు చాలా పెద్దది. దాన్ని అత్తమ్మ ప్రాణం మీదికి తేకు మామా, నీ కాళ్లు మొక్కుతాను.

ఆపరేషన్ ముందు పరీక్షలకు ఎట్లాగూ రావాలి. అత్తమ్మను నా దగ్గర దించి పో. ఆమెకు ఉన్నదున్నట్టు నేనే చెబుతాను.

శ్రీవాణి

*

హైదరాబాద్
8 నవంబర్ 2024

మామా,

పరీక్షలన్నీ అయ్యాయి. అత్తమ్మ ఇప్పుడు నా మంచం మీద నిద్రపోతున్నది. ఆపరేషన్‌కు పాత తేదీనే ఖాయమైంది, నువ్వు పదమూడో తారీకు పొద్దున్నకల్లా వచ్చేయి. ఈ రోజు జరిగింది నీకు చెప్పకుండా నేను పడుకోలేను.

అనసూర్య మేడంను అడిగి అత్తమ్మను ల్యాబుకు తీసుకుపోయాను. మేడం ఎదురొచ్చి “రండమ్మా, మీ గురించి వాణి చెబుతూనే ఉంటుంది” అని కుర్చీ వేయించింది. మూత బిగించిన చిన్న సీసాలో పెరుగుతున్న కణాలను మైక్రోస్కోపు కింద పెట్టి చూడమన్నాను. అత్తమ్మ కన్ను ఆనించి, తల అటూ ఇటూ జరుపుకుంటూ చూసింది.

“గివేనా?” అన్నది చివరికి. “గింత గింత ఉన్నయి. గీటికా మీ మామ గట్ల వణికింది?”

తర్వాత అడిగింది, “ఎవలియి బిడ్డా గివి?”

నన్ను ఎవరూ ఈ మాట అడగలేదు మామా. నేనూ ఎప్పుడో చదివినదే, మళ్లీ తలుచుకోలేదు. “ఎక్కడో సముద్రాలవతల ఒకామె అత్తమ్మా. రొమ్ము క్యాన్సర్ తోనే వోయింది. వోయి యాభై ఏండ్లు దాటింది. ఆమె నుంచి తీసిన కణాలే పెరుగుకుంట పెరుగుకుంట దునియా అంత తిరుగుతున్నయి” అన్నాను.

అత్తమ్మ మైక్రోస్కోపు ముందర రెండు చేతులూ జోడించింది. “ఎవలు గన్న బిడ్డనో. పానం వోయినంక గూడ పని జేస్తున్నది తల్లి” అన్నది. మేడం తల దించుకుంది. రోజూ ఆ సీసాలను అటూ ఇటూ మార్చే నేను ఈసారి రెండు చేతులతో తీసి పక్కన పెట్టాను.

తర్వాత వీడియో చూపించాను. ప్రోటీన్ ఉన్న కణాలు గుంపుగా జరగడం, తగ్గించినవి తెగి విడిపోవడం. అత్తమ్మ విడిపోయినదాన్ని ఒకదాన్ని వేలితో తెర మీద చివరిదాకా వెంబడించింది.

“నా ఒంట్ల గూడ గిట్లనే వోతున్నయా?”

“తెల్వదత్తమ్మా. కొన్ని వోయి ఉండొచ్చు. ఆపరేషన్ల తీసి చూస్తేనే తెలుస్తది.”

“నీ మందు ఎన్నడొస్తది?”

“నాది మందు కాదు. ఎట్ల కదులుతున్నయో తెలుసుకునుడే నా పని. దీన్ని వట్టుకొని ఇంకెవలన్న, ఇంకెన్నేండ్లకో మందు చేస్తరేమో. నీ వరకైతే అందదత్తమ్మా.”

ఆ చివరి మాట అనడానికి వారం నుంచి ధైర్యం కూడగట్టుకున్నాను. అత్తమ్మ నా ముఖంలోకి చూసింది. కోపం లేదు, నిరాశ లేదు.

“మంచిగ చెప్పినవ్. మీ మామ లెక్క మురిపియ్యలే” అన్నది. కొంచెం ఆగి, “కొయ్యమను బిడ్డా. నాకు రొమ్ము వోతదని బాధ లేకగాదు. రెండు దినాలు ఏడ్సిన. గని గది గీడ ఉన్నప్పుడే కొయ్యాలె. వోయినంక ఏడ దేవులాడుతం?” అన్నది.

మామా, పేషెంట్లకు మా పరిశోధన ఎట్లా చెప్పాలి అని మాకు తరగతులు పెడతారు. ఎట్లా వినాలో అత్తమ్మను చూసి నేర్చుకున్నాను. ఇంత గట్టి మనిషితో ఇన్నేళ్లు కాపురం చేసి, ఆమెకు తెలియకుండా భయపడాలనుకున్నావు చూడు, అదే నాకు నవ్వొస్తున్నది.

శ్రీవాణి

*

నారాయణరావుపేట
6 డిసెంబర్ 2024

బిడ్డా వాణీ,

కుట్లు ఆరాయి. నువ్వు దవాఖానలో మా పక్కన ఉన్నన్నాళ్లు నాకు ధైర్యంగా ఉండేది, ఊరికి వచ్చాక నీ బెంగ పట్టుకుంది.

నీకు తెలియని ముచ్చట ఒకటుంది. ఆపరేషన్‌కు ముందు నువ్వు మందుల కోసం కిందికి పోయినప్పుడు ఒక చిన్న డాక్టరమ్మ వచ్చింది. పరీక్షలకు పోను మిగిలిన గడ్డ ముక్కను పరిశోధనకు దాచుకోవచ్చా, ఇష్టం లేకపోతే వద్దు, వైద్యంలో తేడా రాదు అని అడిగింది. నేను వద్దన్నాను. ఎందుకో మనసొప్పలేదు. అత్తమ్మ నన్ను ఆపింది.

“నా ఒంట్లకెళ్లి వోయేదే గదా. ఇన్నొద్దులు నన్ను తిప్పలు వెట్టింది. ఇగ నలుగురికి పనికొచ్చి దాని పాపం గది కడుక్కోనీ” అని, నెమ్మదిగా ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని “బాలలక్ష్మి” అని సంతకం పెట్టింది. ఆ ముక్క నీ దగ్గరికే వస్తుందా అని అడిగితే, రాదు, ఇక్కడే దాస్తామన్నది డాక్టరమ్మ. “ఎవలకైతేంది” అన్నది అత్తమ్మ.

రిపోర్టు వచ్చింది. చంకలోని గ్రంథుల్లో రెండింటిలో క్యాన్సర్ ఉందట. అంటే కొన్ని నడిచి పోయాయన్న మాటే కదా? కరెంటు పెడతామన్నారు, అదే రేడియేషన్. తర్వాత ఏళ్ల తరబడి గోలీలు. నిజం చెప్పు, ఇది ఎంత ప్రమాదం?

మీ మామ

*

హైదరాబాద్
12 డిసెంబర్ 2024

మామా,

నిజమే చెబుతాను. కొన్ని నడిచాయి. కానీ చంక దాటి ఎక్కడా కనబడలేదు, స్కానింగులన్నీ నేను కూడా చూశాను. కనబడనివి ఎక్కడైనా ఉంటే వాటి కోసమే రేడియేషన్, గోలీలు. ఇట్లాంటి రిపోర్టుతో ఏళ్లకేళ్లు మంచిగా బతుకుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు. మళ్లీ రాదని మాత్రం ఎవరూ మాటివ్వలేరు, నేనూ ఇవ్వను. గోలీ ఒక్కనాడు కూడా తప్పనివ్వొద్దు.

సంతకం ముచ్చట మేడంకు చెప్పాను. ఆమె ల్యాబులో అందరినీ పిలిచి ఆ ముచ్చట నాతో మళ్లీ చెప్పించింది. ఇప్పుడు మా దగ్గర సీసా తీసే ముందు “ఎవలు గన్న బిడ్డనో” అని ఎవరో ఒకరు అనకుండా ఉండటం లేదు. అత్తమ్మ మాట అత్తమ్మ యాసలోనే.

శ్రీవాణి

*

నారాయణరావుపేట
9 మార్చి 2025

బిడ్డా శ్రీవాణీ,

చాలా రోజులైంది రాసి. రాయాల్సింది గంపెడుంది.

రేడియేషన్ అయిపోయి ఇంటికి వచ్చేసరికి యాసంగి పంటకు నాట్లు నడుస్తున్నాయి. చెయ్యి వాస్తుంది, బరువు ఎత్తొద్దన్నారు, కాబట్టి నాటు వేయలేదు. కానీ ఒక మధ్యాహ్నం గుంపు సద్దులు విప్పుకున్న వేళకు అత్తమ్మ పొలం గట్టు మీదికి పోయింది. అక్కడ ఏం జరిగిందో ఆమె నాకు చెప్పలేదు, తర్వాత కొండవ్వ చెప్పింది.

మగవాళ్లను అవతలికి పొమ్మని, ఆడవాళ్ల నడుమ కూర్చుని, అత్తమ్మ రవిక గుండీలు విప్పి కోసిన జాగను అందరికీ చూపించిందట. ఒకామె కళ్లు మూసుకుంటే, “మూసుకోకు, సూడు” అన్నదట. “నాకు గడ్డ తలిగినంక గూడ ఆర్నెల్లు ఎవలకు చెప్పలే. సిగ్గు. నాట్లయినంక వోదమనుకున్న, కోతలయినంక వోదమనుకున్న. నేను ఆగిన గని గది ఆగలే. నడిసి సంకలకు వోయింది. దాని నడక నా కండ్లతోని సూసొచ్చిన. మీరు నా లెక్క ఆగకుర్రి” అన్నదట.

వాణీ, ఆర్నెల్లు దాచిందని నాకే తెలియదు. గుంపు ముందర చెప్పింది.

ఆ సాయంత్రం కొండవ్వ మా ఇంటికి వచ్చింది. నేను వాకిట్లో ఉన్నాను. ఇద్దరూ లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నారు. తర్వాత అత్తమ్మ బయటికి వచ్చి “రేపు పొద్దుగాల దవాఖానకు ఆటో చెప్పు” అన్నది. కొండవ్వకు బఠాణీ గింజంత గడ్డ ఉంది.

కొండవ్వ మొగుడు ఉప్పలయ్య ఒప్పుకోలేదు. “నాట్లు కానీ వదినె. నొస్తలేదు గదా” అన్నాడు. అత్తమ్మ గొంతు పెంచలేదు. “నాకు గూడ నొయ్యలే ఉప్పలయ్యా” అన్నది, అంతే. తెల్లారి ఆటోలో ముందర ఉప్పలయ్యే ఎక్కి కూర్చున్నాడు.

క్యాన్సరేనని తేలింది. పోయిన నెలాఖరున ఆపరేషన్ అయింది. రొమ్ము తీయలేదు, గడ్డ వరకే తీశారు. చంకలోని గ్రంథుల్లో ఒక్కదాంట్లో కూడా లేదు! రిపోర్టు చెప్పేటప్పుడు డాక్టర్ సాబ్ కొండవ్వను అడిగాడు. “మీ ఊళ్ల దిక్కు నుంచి ఇంత తొందరగ ఎవరూ రారమ్మా. నీకెట్ల తెలిసింది?” కొండవ్వ పక్కనే నిలబడ్డ అత్తమ్మ చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది. ఉప్పలయ్య మొహానికి కండువా అడ్డం పెట్టుకున్నాడు. నేను కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాను.

మిగతా గుంపంతా కూడా పరీక్ష చేయించుకున్నారు, ఎవరికీ ఏమీ లేదు. అత్తమ్మ పరీక్షలు కూడా ఇప్పటివరకు మంచిగానే వచ్చాయి. గోలీ నేనే చేతిలో పెడతాను. నీ పరిశోధనను పత్రిక వాళ్లు అచ్చుకు తీసుకున్నారని మీ అవ్వ ఫోన్ చేసి చెప్పింది. అందులో ఏం రాశావో మాకు అర్థమయ్యే తెలుగులో ఒకసారి రాసి పంపు, అత్తమ్మ అడుగుతున్నది.

అది తొందరగా కావాలట. చింతమడక ఆడవాళ్లు కబురు పంపితే మొన్న పోయి వచ్చింది. ఇప్పుడు మీ అవ్వ మీ ఊరు దౌల్తాబాద్‌కు రమ్మంటున్నది, అక్కడి కలుపు కూలీలను జమ చేస్తానన్నదట. ఈ ఉత్తరం రాస్తుండగానే నాకు పప్పు పొయ్యి మీద ఉందని చెప్పి ఆటో ఎక్కింది. వచ్చే ఆదివారం వస్తానన్నావు కదా, తప్పకుండా రా. వంట నేను చేస్తాను. అత్తమ్మను చూడాలంటే మాత్రం నువ్వూ ఏదో ఒక పొలం గట్టు దాకా నడవాల్సిందే.

నీ మామ
ప్రభాకర్